అద్దం ఎవరు జరిపిండ్రు

చేవెళ్ల,
8 ఆగస్టు 2024

ఎలుకల ఆయమ్మ, ఎంకపల్లి కోడలు, నా అద్దం దొంగ కవితకు,

వదినె శకుంతలమ్మ దీవెనలు పెట్టదు, మొట్టికాయలు పెడ్తది. అందుకో.

బోనాలకొచ్చి మూడొద్దులుండి, తిని, తొంగొని, పొయ్యేముందు నా అద్దం ఎందుకు మీదికి జరిపినవే? నువ్వు పోయిన తెల్లారి బొట్టు పెట్టుకుందామని నిలవడితె అద్దంల నా మొఖం లేదు. ఉత్త పాపిట కనవడ్డది. మడిమెలు లేపితె గని కండ్లు కనవడలే. మీ అన్న సంగయ్యను అడిగితె ‘నాకేం తెల్సు, నేను అద్దంల చూస్కునే మొగోన్నా’ అన్నడు. సంగయ్య అబద్ధమాడితె చెవులు కదులుతయి. కదల్లేదు. అంటె నువ్వే.

నేను నేర్పిన విద్య నా మీదనే తిప్పినవ్. నేర్పిన అంటున్న గని, ఈ ఇంట్ల పరాచికం మొదలువెట్టింది నువ్వే. నా పెండ్లినాడు పన్నెండేండ్ల పోరివి, దర్వాజకు అడ్డం నిలవడి, పేర్లు చెప్పేదాంక లోపలికి రానియ్యలే. అది సాలక ఇద్దరిని దర్వాజ చెక్కకు ఆనిచ్చి కొడవలి మొనతోని చెరొక గీత గీసినవ్. ‘పెండ్లిపిల్ల పిలగాని కంటె రెండు వేళ్లు పొడుగు’ అని వాడంత చాటింపేసినవ్. ఇరవై ఆరేండ్లయె, మీ అన్న ఇప్పటికి ఆ గీతల దిక్కు చూడడు.

ఇగ అసలు ముచ్చట. ఫోన్ల చెప్తె నీ మొగడు పరమేష్ స్పీకర్ల వెట్టి ఇంటిల్లిపాదికి వినిపిస్తడు. ఇది ఆడోళ్ల మాట, అందుకే రాస్తున్న. నీ నెత్తురు పోవుడు ఆగలేదంటివి గదా. నా లెక్క జెయ్యి. నేను ఇరవై ఎనిమిదేండ్లకే పెద్దాపరేషన్ చేయించుకున్న. గర్భసంచి, దాని పక్కన ఉన్నయి లేనియి అన్ని తీసేసిండ్రు. పద్దెనిమిదేండ్ల సంది నెల గొడవ లేదు. ఏ గుడికి ఎప్పుడు పోబుద్ధయితె అప్పుడు పోవుడె. ఇక్కడి ప్రైవేటు దవాఖానల నర్సు నా దోస్తు. ఊ అను, తారీఖు వెట్టిస్త.

ఈ చీటి మైసయ్య ఆటోల, బంతిపూల గంప అడుగున వస్తది. వాడు పట్నం మార్కెట్‌కు పొయ్యేటప్పుడు మీ ఊరి కమాన్ కాడ ఆగుతడు. జవాబు వాపసు గంపల పెట్టు.

బోనం ఎత్తిన కాంచి నడుము పట్టేసింది. అది గూడ నీ పనేనా?

మొఖం లేని నీ వదినె,
శకుంతలమ్మ


ఎంకపల్లి,
12 ఆగస్టు

వదినెకు కవిత దండాలు.

నీ అద్దం నేను ముట్టలే. దాన్ని జరపాల్నంటె మొల పీకాలె, మొల పీకాల్నంటె సుత్తె కావాలె. మీ ఇంట్ల సుత్తె ఏడుంటదో మీకే తెల్వది, నాకేం తెల్సు? నువ్వే జరిపి నా మీద వేస్తున్నవ్ కావొచ్చు. నిరుడు ‘ఒట్టు, ఇది పరాచికం గాదు, మీ అన్న బాయిల ఉన్నడు, జల్ది రా’ అని రాస్తివి. చెప్పులేసుకోకుండ ఉరికొచ్చిన. అన్న బాయిల దిగి మోటరు ఇప్పుతుండె. నువ్వు గట్టు మీద కూసోని పల్లికాయ తింటుంటివి. ఆ దినమే చెప్పిన, యాది ఉన్నదా? నువ్వు ఒట్టేసినవంటె అబద్ధమే అనుకుంట అని.

నా కొలువు బాగనే నడుస్తున్నది. ఎలుకల కంపెనీ అని నువ్వు నవ్వుతవ్ గని, అది మందుల పరిశోధన చేసే జాగ. బోనులు కడుగుడు, మేత పెట్టుడు, కింది పొట్టు మార్చుడు నా పని. ఫోన్లు గేటు కాడనే పెట్టిపోవాలె. ఇప్పుడు ఆడ ఎలుకల జట్టు ఒకటి వచ్చింది. సగం ఎలుకలకు కడుపు కోసి అండాశయాలు తీసేసిండ్రు. గర్భసంచికి ఇరుపక్కల గింజలంత ఉంటయంట. తతిమ్మ సగానికి ఉత్తగనే కోసి, ఏం తియ్యకుండ కుట్టేసిండ్రు. రెంటికి ఒకటే తీరు కుట్లు. చీటి చదివితె గని ఏది ఏదో తెల్వది.

నేను మొయినాబాద్‌ల చూపిచ్చుకున్న. గర్భసంచిల గడ్డ ఉన్నదన్నరు. ‘తీసేయిస్తె ఒడుస్తది గదా’ అంటున్నడు పరమేష్. మొన్న బోను కడుగుకుంట కండ్లు తిరిగి గోడ పట్టుకున్న. చెయ్యబుద్ధి లేదు గని, ఎన్ని దినాలని ఇట్ల? నీ నర్సుకు చెప్పు.

నడుముకు నువ్వుల నూనె రాయి. గంపలు ఎత్తకు.

కవిత


చేవెళ్ల,
18 ఆగస్టు

ఎలుకల పట్టపురాణికి,

ఉత్తగ కోసి ఉత్తగ కుట్టిండ్రా! నేను ఇరవై ఆరేండ్ల సంది మనుషుల తోటి చేస్తున్న పని గదనే అది. ఆ పెద్దసారు ఎవలో గని, నా దండాలు చెప్పు. ఆ ఎలుకలు పొద్దున లేచి కుట్లు చూస్కొని ‘అయ్యో, నాకేమో తీసిండ్రు’ అని ఏడుస్తయి కావొచ్చు.

నీ తారీఖు దొరికింది. సెప్టెంబర్ పన్నెండు, బేస్తవారం, పొద్దుగాల పదింటికి. సంచి తోటి పక్కనున్నయి గూడ తీసెయ్యాలె, ఉంచితె రేపు రోగమొస్తది అన్నది నర్సు. ‘తీస్తె మొత్తం తియ్యుండ్రి, మా ఆడిబిడ్డకు ఏం మిగిలియ్యకుండ్రి’ అని చెప్పొచ్చిన. నీకు తోడు నేనుంట. నిన్ను నవ్వించి కుట్లు తెంపకపోతె నా పేరు శకుంతల గాదు.

ఇగ నా ఇంటి దొంగతనం ఇను. అద్దంతోని ఆగలేదు. పెరట్ల దండెం గూడ మీదికి కట్టిండ్రు, తడి బట్ట ఎయ్యాల్నంటె ఎగరాలె. చీరెలు పొడుగైనయి. కొత్తయి గావు, పదేండ్ల పాతయి! కుచ్చిళ్లు నేల ఊడుస్తున్నయి. ఉతికితె బట్ట కుంచించుకపోవుడు చూసిన గని, సాగుడు ఎన్నడు చూడలే. ఎవలో ఉన్నరు కవితా. నేను తోటకు పోయినప్పుడల్ల వచ్చి ఒక్కొక్కటి అంగుళమంత మీదికి జరుపుతున్నరు. నువ్వు గాకపోతె మీ అన్న. మీ అన్న గాకపోతె అంత తెలివి ఉన్నోడు ఈ వాడల ఎవడున్నడు?

ఓపిక మంచిగున్నది, మెచ్చుకుంటున్న. గని పట్టుకుంట.

నిరుడు పెరట్ల ఉత్తగ కూలవడితెనే ఇరిగిన మణికట్టు మళ్ల గుంజుతున్నది. ముసురుకు అనుకుంట.

దండెం అందని దొరసాని,
శకుంతలమ్మ


ఎంకపల్లి,
23 ఆగస్టు

వదినెకు దండాలు.

తారీఖు సంగతి చెప్పిన, పరమేష్ నిమ్మలమైండు. నేను గూడ.

నీ దండెం దొంగను నువ్వే పట్టుకో, నన్ను ఇడిసిపెట్టు. నీకు నవ్వుకోను ఇంకొక ముచ్చట రాస్త. మా కాడ యశస్వి అని పరిశోధన చేసే పిల్ల ఉన్నది. కోస్తా దిక్కు వాళ్లు, ఈమె పుట్టకముందే పట్నం వచ్చిండ్రంట. నన్ను ఆంటీ అంటది. ‘వీటి గింజలు ఎందుకు తీసిండ్రు బిడ్డ, ఏం పాపం చేసినయి’ అని అడిగిన. మేత పెట్టుకుంటనే ఇంత పాఠం చెప్పింది.

‘ఆంటీ, ఎముక అంటే రాయి కాదు. మీ ఊళ్లో ఫామ్‌హౌస్‌లు కడుతున్నారు చూడండి, అలా లోపల ఎప్పుడూ పని నడుస్తూనే ఉంటుంది. పాతది కూల్చే కణాలు వేరు, కొత్తది కట్టే కణాలు వేరు. కట్టేవాళ్లని ఆస్టియోబ్లాస్టులు అంటాం. అండాశయాల్లోంచి ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోన్ వస్తుంది. అది ఉంటే కొత్త మేస్త్రీలు తయారవుతారు, ఉన్నవాళ్లు ఎక్కువ రోజులు బతుకుతారు. కూల్చేవాళ్లని కూడా అదే అదుపులో పెడుతుంది. అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా అది పోతుంది. మేస్త్రీలు తొందరగా చచ్చిపోతారు. కూల్చేవాళ్లకి అడ్డే ఉండదు. బయట నుంచి చూస్తే ఇల్లు ఇల్లులాగే ఉంటుంది ఆంటీ, లోపల గోడలు డొల్ల.’

‘మరి నొప్పి లేస్తదా వాటికి’ అన్న. ‘మొదట్లో ఏమీ తెలీదు, విరిగినప్పుడే తెలుస్తుంది’ అన్నది.

ఎలుక బతుకు గూడ ఒక బతుకేనా అనిపించింది. ఇంకొక ఇరవై దినాలైతె వాటిని కోసి చూడను తీస్కపోతరు.

నీ నడుమెట్లున్నది? రాయవేంది?

కవిత


చేవెళ్ల,
29 ఆగస్టు

కవితా,

నిన్న దొంగను పట్టుకుందామని అద్దం దించిన. మీదికి జరిపిండ్రంటె కింద పాత మొల తూటు ఉండాలె గదా. చూసిన. లేదు. గోడకు ఒకటే మొల. దాని చుట్టు సున్నం పొరలు పొరలుగ పేరుకున్నది, మనం ఏడాదికొకసారి వేసిన సున్నమే. ఆ మొల ఎవలు పీకలే. ఎన్నడు పీకలే.

దండెం కట్టిన గుంజకు గూడ తాడు ఒరుసుకున్న గాడి ఒకటే ఉన్నది.

జర యశస్విని ఒక మాట అడుగు. ఆ కోసిన ఎలుకలు పొట్టిగైతయా? వంగుతయా? ఎన్ని దినాలకు? వాటిని మళ్ల మంచిగ చెయ్యొస్తదా?

నేనడిగినట్టు చెప్పకు. ఊకె అడిగినట్టు అడుగు.

నా ఆపరేషన్ కాయిదం దొరకలే. సందుక మొత్తం తీసి చూసిన. తీసినయి ఏంటియో, ఉంచినయి ఏంటియో రాసిన కాయిదం నాకు ఎన్నడు ఇయ్యలే అనిపిస్తున్నది. పోనీ నాది ఉత్త కోత కావొచ్చు. నన్ను గూడ ఎవడో ఆటపట్టిచ్చి ఉండొచ్చు. ఆ ఒక్క పరాచికం నిజమైతె కొమురెల్లి మల్లన్నకు మొక్కు తీర్చి ముగ్గుల పట్నం వేస్త.

జల్ది రాయే మొద్దు.

శకుంతల


ఎంకపల్లి,
3 సెప్టెంబర్

వదినెకు దండాలు.

సదివి సదివి నవ్విన. పరమేష్‌కు గూడ చెప్పిన, ‘మీ వదినె ఈసారి బాయి గాదు, పెద్ద చెరువే తవ్వుతున్నది’ అన్నడు. నేను ఎలుకల ముచ్చట రాయంగనే నువ్వు పొట్టిగైతివా? అంతకుముందు అద్దం, దండెం, చీరె అని ఒక్కొక్క ఇటుక పేర్చుకుంట వచ్చినవ్. తెలివి నీదే. ఈసారి చెప్పులేసుకోకుండ ఉరికేదాన్ని నేను గాదు.

అయిన అడిగిన. ఎలుకలు నాలుగు కాళ్ల మీద ఉంటయి, పొట్టిగైతున్నయా అంటె ఏం చెప్పాలి ఆంటీ అని నవ్వింది. మనుషులైతె వీపు బొక్కలు, గా ఎముకలే, అణిగి పొట్టిగైతరంట. ఎవరికోసం అని అడిగింది. ఎవరికోసం లేదు బిడ్డ, మా వదినెకు పనిలేదు అన్న.

నాకొకటే బాధ. నువ్వే తారీఖు వెట్టించి, నువ్వే ఇప్పుడు భయపెడుతున్నవ్. దవాఖానల నాకు తోడుండుడు బరువైతె సీదా చెప్పు, నేను మా తోటికోడలును తీస్కపోత. నెత్తురు పోయి పోయి నా చేతులు తెల్లగైనయి. నాకు ఇప్పుడు ఆటలాడే పానం లేదు.

పన్నెండునాడు పొద్దుగాల ఎనిమిదింటికి ఇక్కడి కాంచి బయలెల్తున్నం.

కవిత


చేవెళ్ల,
9 సెప్టెంబర్

చిరంజీవి సౌభాగ్యవతి కవితకు వదినె శకుంతలమ్మ దీవించి రాయునది.

మేము ఇక్కడ క్షేమంగ లేము.

శుక్రవారం చవితి పూలు పోతుండె. మైసయ్యకు చెయ్యి అందిద్దామని బంతిపూల గంప ఎత్తిన. పూల గంప, రాళ్ల గంప గాదు. నడుముల ఎండు పుల్ల ఇరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు మైసయ్య గూడ విన్నడు. అక్కడనే కూలవడ్డ. మీ అన్న లేపి ఇంటికి తెచ్చిండు. లోపలికి వొయ్యేముందు ఊపిరి ఆడక దర్వాజ చెక్కకు వీపు ఆనిచ్చి నిలవడ్డ. మీ అన్న చూపు నా నెత్తి మీదనే ఆగింది. ఏంది అంటె, చెయ్యి పట్టి నా నెత్తి మీద పెట్టించిండు, అట్లనే చెక్క మీదికి జరిపిచ్చిండు. నా గీత ఆ ఎత్తుకు తగల్లే. మీ అన్న గీత తగిలింది, అది గూడ నా నెత్తి మీద ఒక వేలు పైన. తర్వాత ఆయన నిలవడి చూపిచ్చిండు. ఆయన గీత ఆయనకు సరిగ్గ ఉన్నది.

అద్దం ఎవరు జరపలేదు కవితా. నేనే దిగిన.

ఆ గింజలు నాకు ఇరవై ఎనిమిదేండ్లకే తీసిండ్రు. నీకు ఏం మిగిలియ్యకుండ్రి అని నర్సుతోని చెప్పింది నేనే, నా నోటితోని. పన్నెండునాడు నువ్వు వోవద్దు. నెత్తురు ఆపను వేరే తొవ్వలు ఉంటయేమో, ఇంకొక పెద్ద దవాఖానల అడుగు. సంచే తియ్యాల్సొస్తె గూడ మంచిగున్న అండాశయాలు ఎందుకు తీస్తరో అడుగు. యశస్విని ఎంట తీస్కపో.

నేను రాలేను, లేవలేను. ఒట్టు పెట్టను. నా ఒట్టుకు విలువ లేకుండ చేస్కున్నది నేనే.

శకుంతల


ఎంకపల్లి,
14 సెప్టెంబర్

వదినెకు,

చీటి అందంగనే ముందుగాల నవ్వే వచ్చింది. బాయిల ఉన్నడు అన్న చీటి గూడ ఇట్లనే ఉండె అనుకున్న. మైసయ్య ‘నేను చప్పుడు విన్నక్కా’ అంటె, నువ్వు గూడ మా వదినె జట్టే గదా, నిరుడు నన్ను ఆటోల ఎక్కిచ్చుకొచ్చింది నువ్వే గదా అని తిట్టి పంపిన. పన్నెండునాడు పొద్దుగాల పరమేష్ బండి బయటికి తీసిండు. సంచిల బట్టలు పెట్టుకుంట మళ్లొకసారి సదివిన.

చిరంజీవి సౌభాగ్యవతి అని రాసినవ్.

మొదటి కాంచి చివరిదాంక ఎతికిన. ఒక్క తిట్టు లేదు. ఇరవై ఆరేండ్లల్ల నన్ను తిట్టకుండ నువ్వు ఒక్క ముక్క రాయలేదు వదినె. బాయి చీటిల గూడ ‘ఉరికి రావే మొద్దు మొఖమా’ అని ఉండె.  సంచి పక్కకు పెట్టి గడప మీద కూసున్న. ‘ఏమైందే’ అని పరమేష్. ‘ఈసారి అన్ని నిజమే రాసింది’ అన్న. బండి లోపల పెట్టుమన్న.

మొగడు మొత్తుకున్నడు, తారీఖు పోతది అన్నడు. పోనీ అన్న. నిన్న యశస్వి ఎంట పట్నం సర్కారు పెద్ద దవాఖానకు పోయినం. గడ్డ పెద్దది గాదంట. నెత్తురు తగ్గను గోలీలు, నెత్తురు పట్టను గోలీలు ఇచ్చిండ్రు. మూడు నెలలు చూద్దామన్నరు. ఆపరేషన్ చేసినా నీ వయసుకు మంచి అండాశయాలు ఎందుకు ముట్టుకుంటమమ్మా అన్నది డాక్టరమ్మ.

ఇంకొకటి రాయాల్నా వద్దా అనుకున్న. ఎలుకలను తీస్కపోయిండ్రు. యశస్వి కంప్యూటర్‌ల బొక్కల బొమ్మలు చూపిచ్చింది. ఉత్త కోత దాని బొక్క లోపల గట్టి జాలి లెక్క ఉన్నది. తీసేసినదానిది ఎండిన బీర పీచు లెక్క ఉన్నది, నడుమ అంత ఖాళీ. నేను ఆ బోనులు చేతితోని కడిగిన. రెండు ఎలుకలు ఒక్క తీరుగనే మేత తిన్నయి, ఒక్క తీరుగనే నా దిక్కు చూసినయి.

నిన్ను నమ్మనందుకు నన్ను కొట్టు. ఆదివారం వస్తున్న. ఎక్స్‌రే తీయించిండ్రా? అన్నను అడిగి రాయి. మంచం దిగకు.

నీ మొద్దు మొఖం,
కవిత


చేవెళ్ల,
20 సెప్టెంబర్

మొద్దు మొఖమా, చెయ్యి తెల్లగైన దయ్యమా, నా మరదలా,

బతికిపోయినవ్. తిట్లకు ఇంత విలువ ఉన్నదని తెలిస్తె ఇంకొన్ని దాచుకుంటుంటి.

నువ్వు మొన్న ఆదివారం వచ్చి ఏడ్చి పోయిన తెల్లారి సర్కారు దవాఖానల ఎక్స్‌రే తీసిండ్రు. వీపుల రెండు బొక్కలు అణిగినయి. ఒకటి ఇప్పటిది. ఒకటి పాతది, బోనాలప్పటిది కావొచ్చు అన్నడు డాక్టర్. అంటె నేను బోనం ఎత్తుకొని డప్పుల ముందట నడుస్తుంటె లోపల ఇల్లు కూలింది. మణికట్టు గూడ గా కథలదే అన్నడు. అణిగినయి మళ్ల లేవవంట. ఉన్నయి ఆపను సూదులు ఉన్నయి, పట్నం దవాఖానకు రాసిచ్చిండు. గంప ఎత్తొద్దు, వంగొద్దు, దగ్గు గూడ పదిలంగ దగ్గు అన్నడు. నవ్వొచ్చునా అంటె ఆలోచించి, మెల్లగ నవ్వు అన్నడు. చూడు, ఆఖరికి నా నవ్వు గూడ గోలీ లెక్క కొలిచి ఇచ్చిండ్రు.

మంచంల కూసోని వాకిట్ల పూలు గుచ్చే ఆడోళ్లను చూస్తున్న. అందరి కుచ్చిళ్లు నేల ఊడుస్తున్నయి. అందులో సగం మందికి నా లాంటి కుట్లే ఉన్నయి. వాళ్లల్ల రాములమ్మను ఆ దవాఖానకు చెయ్యి పట్టి తోల్కపోయింది నేనే. ఆమె కోడలుకు వచ్చే మంగళవారం తారీఖు. పిల్లకు ముప్పై రెండేండ్లు. నిన్న రాములమ్మను పిలిచి మొత్తం చెప్పిన, ఎలుకలు, మేస్త్రీలు, అద్దం, దర్వాజ. కడుపు పట్టుకొని నవ్వింది. ‘ఎంత బాగ కట్టినవే శకుంతలా, ఎలుకలకు గూడ ఆపరేషనా’ అని పక్కామెకు చెప్పింది. ఆమె గూడ నవ్వింది. తిట్టకుండ చెప్పి చూసిన. ఇంకింత నవ్విండ్రు.

వాళ్లకు నీ లెక్క నా చీటీలు రాలేదు గదా, తేడా తెల్వను. సోమవారం లోపల నువ్వు రా. యశస్విని తీస్కరా. ఆ బీర పీచు బొమ్మ తీస్కరా. నా మాట వద్దు, నువ్వు చెప్పు.

వచ్చినప్పుడు దర్వాజ చూడు. మీ అన్న నన్ను నిలవెట్టి కొడవలితోని కొత్త గీత గీసిండు. గీత జర వంకరొచ్చింది. ‘కింద తారీఖు గూడ చెక్కనా’ అన్నడు.

వద్దన్న. ఆ గీత కింద జాగ ఖాళీ ఉంచుమన్న.

నీ వదినె,
శకుంతలమ్మ